విదేశీ ఆర్కిటెక్చర్ సంస్థకి స్థానిక భాగస్వామిగా వెళ్ళొచ్చా? ముందు సంతకం సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయవాడలో ఎనిమిది మందితో ఆఫీసు, పదేళ్ళ అనుభవం, చేసినవి ఎక్కువగా అపార్ట్‌మెంట్లు, రెండు కాలేజీలు. సింగపూర్‌లోని ఒక పెద్ద సంస్థ మన దగ్గర టౌన్‌షిప్‌కి ప్లాన్ వేస్తూ మిమ్మల్ని స్థానిక భాగస్వామిగా రమ్మంటోంది. ఫీజులో నాలుగో వంతు ఇస్తామంటున్నారు. అనుమతులు, స్థానిక సమన్వయం, సైట్ పర్యవేక్షణ మీ పని. వెళ్ళాలా వద్దా, 25 శాతం న్యాయమేనా, అసలు ఈ సంస్థలు దేశాలు దాటి ఎలా పనిచేస్తాయి అని అడిగారు.

నేను పదకొండేళ్ళు సింగపూర్‌లో, ఆ తర్వాత ఆరేళ్ళు గల్ఫ్‌లో అటువైపు కూర్చుని పనిచేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇటువైపు కూర్చున్నాను. స్థానిక భాగస్వామిని ఎలా తిట్టుకుంటారో తెలుసు, స్థానిక భాగస్వామి ఎలా తిట్టుకుంటాడో కూడా తెలుసు.

వెళ్ళండి. కానీ శాతం గురించి బేరం తర్వాత ఆడొచ్చు, ముందు సంతకం గురించి ఆడండి. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు, నాకు టెన్షన్ పుట్టింది అక్కడే.

ఈ సంస్థలు పని పంచుకునే తీరు దాదాపు ప్రతి దేశంలోనూ ఒకటే. ఊహ, కాన్సెప్ట్, మాస్టర్ ప్లాన్, ముఖ్యమైన బిల్డింగుల ఆకారం పెద్ద సంస్థ చేస్తుంది. వివరమైన డ్రాయింగులు, అనుమతులు, సైటు దగ్గర గొడవలు స్థానిక సంస్థకి వస్తాయి. చైనాలో ఇది కట్టుదిట్టంగా ఉంటుంది. బయటి సంస్థ ఎంత పేరున్నదైనా అక్కడి డిజైన్ ఇన్‌స్టిట్యూట్‌తో కలవాలి, నిర్మాణ డ్రాయింగుల మీద స్టాంపు ఆ ఇన్‌స్టిట్యూట్‌దే. బీజింగ్‌లో చైనా ప్రభుత్వ టీవీ సంస్థ సీసీటీవీ భవనానికి డచ్ సంస్థ ఓఎంఏ పక్కన ఈస్ట్ చైనా ఇన్‌స్టిట్యూట్ ఉన్నది అందుకే. దుబాయ్ బుర్జ్ ఖలీఫా అంటే అందరికీ షికాగో సంస్థ ఎస్‌ఓఎం గుర్తొస్తుంది. స్థానిక అనుమతుల బాధ్యత, సైటు పర్యవేక్షణ మోసింది హైదర్ కన్సల్టింగ్ అని ఎంతమందికి తెలుసు? పేరు ఒకరిది, ఫైలు ఒకరిది.

అందులో తప్పేమీ లేదు. ఫైలు మోసేవాడికి ఆ బరువుకి తగిన డబ్బు, అధికారం ఇచ్చారా అన్నదే చూడాలి. ఈ పనిలో ఫీజు ఎక్కువ భాగం మొదటి దశల్లో వస్తుంది, మనుషుల గంటలు ఎక్కువ భాగం చివరి దశల్లో పోతాయి. కాన్సెప్ట్ ఆరునెలల్లో అయిపోతుంది. సైటు నాలుగేళ్ళు నడుస్తుంది. మీ 25 శాతం ఆ నాలుగేళ్ళకి. లెక్క వేసుకోండి.

ఇప్పుడు సంతకం. మన ఆర్కిటెక్ట్స్ యాక్ట్ 1972 నాటిది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ మనిషికే, కంపెనీకి కాదు. విదేశీ ఆర్కిటెక్ట్ ఒక ప్రత్యేకమైన ప్రాజెక్టుకి కన్సల్టెంటుగానో డిజైనర్‌గానో రావాలంటే కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి తీసుకోవాలని 37వ సెక్షన్‌లోనే ఉంది. 2020లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని వివరిస్తూ, చట్టం కాపాడేది 'ఆర్కిటెక్ట్' అన్న బిరుదునే, డిజైన్ పనంతటినీ కాదు అని తేల్చింది. కాబట్టి బయటి సంస్థ 'డిజైన్ కన్సల్టెంట్' అన్న పేరుతో చాలా పని చేసుకుపోతుంది. ప్లాన్ అప్రూవల్‌కి పెట్టే డ్రాయింగు మీద మాత్రం ఒక మనిషి పేరు, ఒక రిజిస్ట్రేషన్ నంబరు కావాలి. ఆ నంబరు మీది. రేపు నోటీసు వస్తే సింగపూర్‌కి పోదు, బెంజి సర్కిల్ దగ్గర మీ ఆఫీసుకి వస్తుంది.

నాకు తగిలిన దెబ్బ చెబుతాను. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కొత్తలో ఒక బయటి సంస్థకి స్థానిక భాగస్వామిగా చేరాను. ఏ సంస్థో, ఏ ఊరో వదిలేయండి. అనుమతి తెచ్చింది డ్రాయింగు 'రివిజన్ డి' మీద, అంటే ఆ మార్పుల దాకా ఉన్న ప్రతి మీద, సంతకం నాది. తర్వాత వాళ్ళ డిజైనర్‌కి లాబీ ఇరుకుగా ఉన్నట్టు అనిపించి ఒక మెట్లదారిని పక్కకి జరిపాడు. రివిజన్ ఎఫ్ నేరుగా కాంట్రాక్టర్‌కి మెయిల్ చేశాడు. నన్ను కాపీలో పెట్టలేదు. కాంట్రాక్టర్ కట్టేశాడు, వాడి తప్పు లేదు, చేతికి వచ్చిన డ్రాయింగ్ కట్టాడు. ఫైర్ వాళ్ళు చివర్లో వచ్చి కొలిస్తే మెట్లదారి ఉండాల్సిన చోట లేదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ పదకొండు నెలలు ఆగింది. ఆ పదకొండు నెలలూ యజమాని ఫోన్ చేసింది నాకే. లాబీ మాత్రం నిజంగానే బాగుంది, అది వేరే సంగతి.

అందుకే మొదటి షరతు ఇది: సైటుకి వెళ్ళే ప్రతి డ్రాయింగూ మీ చేతుల మీదుగా వెళ్ళాలి. 'జీఎఫ్‌సీ' (గుడ్ ఫర్ కన్‌స్ట్రక్షన్) ముద్ర మీరు వేస్తేనే అది కట్టడానికి పనికొచ్చే డ్రాయింగు. కాంట్రాక్టర్‌తో వాళ్ళు నేరుగా మాట్లాడుకోవచ్చు, కానీ కాగితం మీ దగ్గరనుంచే కదలాలి. ఇది ఒప్పుకోని సంస్థ మీ సంతకాన్ని అద్దెకి అడుగుతోందని అర్థం.

ఇదేమీ కొత్త సమస్య కాదు. చండీగఢ్ కథ మనందరికీ కాలేజీలో ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ లె కొర్బూజియే కథగా చెప్పారు కదా. మొదట ప్లాన్ వేసింది అమెరికన్ ప్లానర్ ఆల్బర్ట్ మేయర్. ఆయనతో పనిచేసిన పోలిష్ ఆర్కిటెక్ట్ మాథ్యూ నొవిట్స్కి 1950 ఆగస్టులో ఈజిప్టులో విమాన ప్రమాదంలో చనిపోయాడు. అప్పుడు పంజాబ్ అధికారులు పి.ఎన్. థాపర్, పి.ఎల్. వర్మ యూరప్ వెళ్ళి మనుషుల్ని వెతికారు. కొర్బూజియే ఒప్పుకున్నాడు కానీ పారిస్ వదిలి రాలేదు, ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్ళేవాడు. మరి రోజూ అక్కడ కూర్చుంది ఎవరు? ఆయన బంధువు పియేర్ జానరే, బ్రిటన్ నుంచి వచ్చిన మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ. ఫ్రై, డ్రూ మూడేళ్ళ ఒప్పందం మీద వచ్చారు. అంతకుముందే పశ్చిమాఫ్రికాలో పనిచేసినవాళ్ళు కాబట్టి ఎండ, వాన, తక్కువ బడ్జెట్ అంటే ఏమిటో వాళ్ళకి తెలుసు. జానరే 1965 దాకా ఉండిపోయాడు. చనిపోయాక ఆయన అస్థికలు సుఖ్నా సరస్సులో కలిపారు. వాళ్ళ పక్కన యూలీ చౌధురి, ఆదిత్య ప్రకాశ్, ఎం.ఎన్. శర్మ లాంటి మన యువ ఆర్కిటెక్టులు ఉన్నారు. గుమాస్తాల ఇళ్ళ నుంచి స్కూళ్ళ దాకా ఊరిని ఊరుగా నిలబెట్టింది ఈ గుంపు. క్యాపిటల్ కాంప్లెక్స్ (అసెంబ్లీ, సెక్రటేరియట్, హైకోర్టు భవనాలు) ఫొటోలు చూసి చండీగఢ్‌ని అంచనా వేసేవాళ్ళు ఈ సగాన్ని మర్చిపోతారు.

చండీగఢ్ నిలిచిందంటే ఒక కారణం, అక్కడ ఉండే మనిషికి నిర్ణయం తీసుకునే అధికారం ఉంది. పారిస్ నుంచి జవాబు వచ్చేదాకా మేస్త్రీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మీ సింగపూర్ సంస్థ తరఫున ఇక్కడ ఎవరు ఉంటారు, వాళ్ళు ఎంత దూరం నిర్ణయం చేయగలరు అని అడిగారా? నెలకోసారి వచ్చి పీపీటీ చూపించి పోయేవాడు జానరే కాదు.

ఢాకా పార్లమెంటు భవనానిదీ ఇలాంటి కథే, ఒక మెలికతో. 1962లో ఆ పని అమెరికాలో ఉన్న లూయీ కాన్‌కి వచ్చింది. బయటివాణ్ణి పిలిపిద్దామని పట్టుబట్టింది అక్కడి ఆర్కిటెక్ట్ ముజహరుల్ ఇస్లామే. పని తనకి రాగలిగినా పక్కకి తప్పుకున్నాడు. మధ్యలో యుద్ధం, కొత్త దేశం. 1974లో అహ్మదాబాద్ నుంచి తిరిగి వెళ్తూ న్యూయార్క్ రైల్వే స్టేషన్‌లో కాన్ చనిపోయాడు. భవనం పూర్తయింది 1980లలో. ఆర్కిటెక్ట్ పోయినా బిల్డింగ్ లేవాలంటే డ్రాయింగులూ నిర్ణయాలూ ఒక్కరి బుర్రలో ఉండకూడదు. దీన్ని ఒప్పందంలోకి ఎలా తేవాలో తర్వాత చెబుతాను.

సిడ్నీ ఓపెరా హౌస్ సంగతి ఒక్క ముక్కలో. డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జన్ 1957లో పోటీ గెలిచాడు. 1966లో ప్రభుత్వంతో ఫీజు, అధికారం గొడవల్లో రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. 1973లో భవనం తెరిచారు. పూర్తయిన భవనాన్ని ఆయన ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు. అంత గొప్పవాడికీ బిల్లు ఆగింది. మనమెంత!

ఇక సింగపూర్ గురించి, మీకు ఎక్కువ ఉపయోగపడేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. మీది ఏ సంస్థో నేను అడగను. అక్కడి ప్లానింగ్ సంస్థలు పుట్టిన తీరు మాత్రం తెలియాలి. 1960లో హౌసింగ్ బోర్డు హెచ్‌డీబీ పెట్టారు. ఇవాళ అక్కడి వాసుల్లో నూటికి 75 మందికి పైగా దాని ఫ్లాట్లలోనే ఉంటారు. ఆ బోర్డు డిజైన్ విభాగం 2003లో విడి కంపెనీ అయింది, తర్వాత సుర్బానా అని పేరు పెట్టుకుంది. 2015లో పారిశ్రామిక వాడలు కట్టిన జురాంగ్ సంస్థతో కలిసి సుర్బానా జురాంగ్ అయింది. అంటే ఒక ప్రభుత్వ శాఖ అనుభవం సరుకుగా మారి ఎగుమతి అవుతోంది. రువాండా రాజధాని కిగాలీకి మాస్టర్ ప్లాన్ వేసిందీ సుర్బానాయే, మన అమరావతికి వేసిందీ వాళ్ళే.

నేను అక్కడ పనిచేసినప్పుడు నాకు చాలా ఆలస్యంగా అర్థమైన విషయం ఒకటుంది. సింగపూర్ ప్లాన్, భూమి అంతా ఒక్కరిదే అనుకుని పుడుతుంది. అక్కడ నిజంగానే భూమిలో ఎక్కువ భాగం ప్రభుత్వానిది. 1966 నాటి భూసేకరణ చట్టంతో అది సాధ్యమైంది. కాబట్టి రోడ్డు ఎక్కడ గీస్తే అక్కడే పడుతుంది. వాళ్ళ గీత శుభ్రంగా ఉండటానికి సగం కారణం నైపుణ్యం, సగం కారణం అడ్డు చెప్పే పట్టాదారు లేకపోవడం.

అమరావతికి వచ్చేసరికి 217 చదరపు కిలోమీటర్ల రాజధాని నగరం. 33 వేల ఎకరాలకి పైగా భూమి, వేల మంది రైతుల నుంచి ల్యాండ్ పూలింగ్‌లో వచ్చింది. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు (నీటి వసతి ఉన్న) ఎకరానికి వెయ్యీ, 450. ప్లానర్ హెక్టార్లలో ఆలోచిస్తాడు, రైతు ఎకరాల్లో, సెంట్లలో ఇచ్చాడు, తిరిగి తీసుకునేది గజాల్లో. ఈ మూడు కొలతలనీ ఒక్క కాగితం మీదికి తేవడం కాన్సెప్ట్ దశలో కనిపించదు. గ్రామకంఠం ఎక్కడ, శ్మశానం ఎక్కడ, తెనాలిలో ఉంటూ తుళ్ళూరులో పొలమున్న ఆసామికి ఏ వీధిపోటు ప్లాటు వచ్చింది, ఇవన్నీ స్థానిక బుర్ర చేయాల్సిన పనులు. మీ టౌన్‌షిప్ ఎంత చిన్నదైనా ఈ పని మీ నెత్తినే పడుతుంది. దీన్ని 'స్థానిక సమన్వయం' అన్న రెండు మాటల్లో ఇరికించారు చూడండి, అక్కడ ఆపి విడిగా రేటు కట్టమనండి. ఇది ప్లానింగ్ పని, గుమాస్తా పని కాదు.

అమరావతి నుంచి ఇంకొకటి నేర్చుకోవాలి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన. ప్రభుత్వ భవనాల సముదాయానికి జపాన్ ఆర్కిటెక్ట్ మాకి సంస్థ, బ్రిటన్ నుంచి రిచర్డ్ రోజర్స్ సంస్థ, మన బి.వి. దోషి సంస్థ పోటీపడ్డాయి, మాకి గెలిచారు. తర్వాత ఆ ఎంపికని పక్కన పెట్టి బ్రిటన్ సంస్థ ఫోస్టర్ ప్లస్ పార్ట్‌నర్స్‌ని తీసుకున్నారు. 2019లో ప్రభుత్వం మారింది, మూడు రాజధానుల మాట వచ్చింది, పనులు ఆగాయి. 2024లో ప్రభుత్వం మళ్ళీ మారాక పనులూ, ఫోస్టర్ పేరూ తిరిగొచ్చాయి. రాజకీయం నేను మాట్లాడను. ఆర్కిటెక్ట్‌గా చూస్తే ఇందులో ఒకే ప్రశ్న: మధ్యలో ఐదేళ్ళు ఆగితే చిన్న ఆఫీసు ఏమవుతుంది? పెద్ద సంస్థకి ఇంకో పాతిక దేశాల్లో పని ఉంటుంది. మీకు ఎనిమిది జీతాలు ఉంటాయి.

అందుకని పని ఆగితే ఎన్ని రోజులకి ఎంత ఇస్తారు, మళ్ళీ మొదలైతే పాత రేటా కొత్త రేటా అన్నది రాయించుకోండి. ఫీజు శాతంగా కాకుండా దశలవారీగా, నెలలవారీగా రాయించుకుంటే ఇంకా మంచిది. సైటు దశకైతే నెలకింత అని ఉండాల్సిందే. క్లయింటు వాళ్ళకి ఇచ్చాకే మీకు ఇస్తామనే వాక్యం ముసాయిదాలో తప్పకుండా ఉంటుంది, ప్రతి ముసాయిదాలో ఉంటుంది. దాన్ని పూర్తిగా తీయించలేరు. ఇన్ని రోజులు దాటితే క్లయింటు ఇచ్చినా ఇవ్వకపోయినా మీకు ఇవ్వాలి అని ఒక గడువు పెట్టించొచ్చు. నేను 90 రోజులు పెట్టిస్తాను. మీ నష్టపరిహార బాధ్యత మీకొచ్చే ఫీజుని మించకూడదని ఒక వాక్యం. ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ (వృత్తిలో జరిగే తప్పులకి బీమా) ప్రీమియం ఎవరు కడతారో ఇంకో వాక్యం. వివాదం వస్తే సింగపూర్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని ఉంటే, విచారణ జరిగే చోటు హైదరాబాదో విజయవాడో చేయమని అడగండి. రెండు లక్షల బిల్లు కోసం విమానం ఎక్కలేరు కదా. ఇందాక ఢాకా గురించి చెప్పాను చూడండి, అది ఇక్కడికి వస్తుంది: మోడల్ ఫైళ్ళు, నిర్ణయాల రికార్డు మీకూ అందుబాటులో ఉండే ఉమ్మడి సర్వర్‌లో ఉండాలి. ఒప్పందం తెగినా, మీరు సంతకం పెట్టిన దశ వరకు ఉన్న ఫైళ్ళు మీ దగ్గర ఉంచుకునే హక్కు మీకుండాలి.

పన్ను గురించి ఒక్క ఉచ్చు చెబుతాను, మిగతాది మీ సీఏ గారిని అడగండి. డబ్బు సింగపూర్ డాలర్లలో వస్తోంది కాబట్టి ఎగుమతి, జీఎస్టీ లేదు అని చాలామంది అనుకుంటారు. స్థిరాస్తికి నేరుగా సంబంధించిన ఆర్కిటెక్ట్ సేవకి, ఆ స్థిరాస్తి ఉన్న చోటే సేవ ఇచ్చిన చోటు అని ఐజీఎస్టీ చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. సైటు ఆంధ్రాలో ఉంటే డాలర్లు వచ్చినా 18 శాతం పడుతుంది. మీ ఫీజు 'పన్నులతో కలిపి' అని రాసుంటే ఆ 18 మీ జేబులోంచే. అదే మీరు విజయవాడలో కూర్చుని దుబాయ్ సైటుకి డ్రాయింగులు చేస్తే లెక్క వేరు.

మీరు భయపడుతున్న 'వాళ్ళ స్టాండర్డ్' గురించి అంత టెన్షన్ వద్దు. సాఫ్ట్‌వేర్, డ్రాయింగ్ పద్ధతి, ఫైలు పేర్లు పెట్టే క్రమం ఆరు వారాల్లో వచ్చేస్తాయి. మీకు తెలిసినవి వాళ్ళకి ఆరేళ్ళకీ రావు. నేను సింగపూర్‌లో ఉన్నప్పుడు మన దేశంలోని ఒక ఊరికి ఫ్లాట్లు గీశాం. స్థానిక ఆర్కిటెక్ట్, పెద్దాయన, బట్టలు ఉతికి ఆరేసుకునే చోటు లేదని, వంటగది వెనక గిన్నెలు తోముకునే జాగా పెట్టమని మూడుసార్లు రాశారు. దాన్ని 'స్థానిక అభిరుచులు' అని అనుబంధంలో పడేశాం. గీసింది నేనే. మా అమ్మ వెనక వసారాలో గిన్నెలు తోముతుంటే పెరిగినవాణ్ణి, తెలుగువాణ్ణి అయ్యుండీ బయటికి కనిపించే ముందు బాల్కనీ మీదే మనసు పెట్టాను. జనం చేరాక ఆ ముందు బాల్కనీల నిండా చీరలు, లుంగీలు. ఎలివేషన్ (బిల్డింగ్ ముందు వైపు) ఫొటో ఎక్కడా వేసుకోలేకపోయాం. గల్ఫ్‌లో ఇది తిరగబడింది. టాయిలెట్ సీటు కిబ్లా (నమాజు చేసే మక్కా దిక్కు) వైపు తిరిగి ఉండకూడదని అక్కడి భాగస్వామి చెబితే ఈసారి నోరు మూసుకుని మొత్తం ఫ్లోర్ మార్చాను. వాస్తు కూడా అంతే. నైరుతిలో మెయిన్ డోర్ పెట్టిన ఫ్లాటు మన దగ్గర అమ్ముడుపోదు. అది నమ్మకమా మూఢనమ్మకమా అనే చర్చ కాన్సెప్ట్ మీటింగులో అనవసరం. మొదటి స్కెచ్ రాకముందే దిక్కుల కాగితం వాళ్ళ చేతిలో పెట్టండి, తర్వాత చెబితే అది 'రీడిజైన్' అయి మీ ఖాతాలో పడుతుంది.

బయటివాడు అనగానే అనుమానం అక్కర్లేదు కూడా. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ గీసిన జాస్పర్ బెల్జియం మనిషి, కైరో దగ్గర హీలియోపోలిస్‌లో పనిచేసి వచ్చాడు. ఆయనకి ముందు నిజాం సర్కారు తన ఇంజనీర్లనే దేశాలు తిప్పి యూనివర్సిటీలు చూపించింది. ఏం కావాలో తెలుసుకుని పిలిచారు. 1939లో తెరిచిన ఆ భవనం ముందు నిలబడితే అది ఈ ఊరిది కాదని ఎవరికీ అనిపించదు.

ఇక 25 శాతం. మీరు చెప్పిన మూడు పనుల్లో సైట్ పర్యవేక్షణని బయటికి తీసి నెలవారీ ఫీజు చేస్తే, మిగిలిన అనుమతులు, సమన్వయానికి 25 శాతం మర్యాదైన అంకే. మూడూ కలిపి 25 అంటే నేను వద్దంటాను. వాళ్ళకి ఈ వారం రాయాల్సింది పెద్దదేమీ కాదు: సైటుకి డ్రాయింగు ఎవరి ముద్రతో వెళ్తుంది, ఇక్కడ కూర్చునే మీ మనిషి ఎవరు, పని ఆగితే నెలకెంత. ఫోన్లో కాదు, మెయిల్లో జవాబు తెప్పించుకోండి. వాళ్ళ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, పొద్దున్నే పంపితే ఆ రోజే చూస్తారు. జవాబు వచ్చాక పేర్లు, అంకెలు చెరిపేసి ఇక్కడ పెట్టండి, ముసాయిదా వాక్యం వాక్యం చూద్దాం.